నాలుగో పేజీకి ముప్పై ఒక్క పేర్లు

ఆ కాలేజీ దరఖాస్తులో మొదటి మూడు పేజీలు నింపడానికి ప్రశాంతికి పావుగంట కూడా పట్టలేదు. నాలుగో పేజీ దగ్గర కలం ఆగింది. పైన ఒక్కటే ప్రశ్న, కింద పేజీ నిండా ఖాళీ గీతలు. చదువు కాక ఇంకేం చేశావు, దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగింది?

బెంగళూరు అవతల ఒక ట్రస్టు నడిపే డిగ్రీ కాలేజీ అది. సీటు వస్తే చదువు, తిండి, గది అన్నీ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే ప్రశాంతి చదువు ఇంటర్‌తో ఆగినట్టే. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. శెనక్కాయ చెట్లు ఊడలు దిగి కాయ పట్టకుండానే ఎండిపోవడం వరసగా అది మూడో ఏడు. అందువల్ల అనవలసిన అవసరమూ లేకపోయింది.

"ఆదివారం మా కాలేజీలో మొక్కలు నాటతాండారు నాయనా. పోతే సర్టిఫికెట్టు ఇస్తారంట," అంది ప్రశాంతి.

పోయి వచ్చింది. సర్టిఫికెట్టు తెచ్చింది. బయ్యన్న దాన్ని కళ్ళకద్దుకుని దేవుని గూట్లో పెట్టాడు. తర్వాత మామూలుగా అడిగాడు.

"గుంతలు ఎవురు తీసినారమ్మా?"

"పోయినేడు తీసినవే ఉండాయి నాయనా."

"మరి పోయినేటి మొక్కలు ఏమైనాయి?"

ప్రశాంతి విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. సుబ్బలక్ష్మమ్మ పొయ్యి దగ్గర నుంచే మొగుణ్ణి గదిమింది. "పిల్ల సీటు కోసం తంటాలు పడతాంటే నువ్వు మొక్కల లెక్క అడుగుతావు. నోరు మూసుకోని ఉండలేవా?"

బయ్యన్నకూ నొప్పిగానే ఉంది. ఐదో తరగతి చదివిన మనిషి, తెల్లారి లేస్తే పూజ, తర్వాతే చేను. పుణ్యం కోసం చేసే పూజను దేవుడు వద్దనడు కదా, మార్కుల కోసం చేసే సేవను నేనెందుకు తప్పు పట్టాలి అనుకున్నాడు. ఎంత ఆలోచించినా అతనికి తెగలేదు.

ఆ వారమే మారెక్క వచ్చింది. గొర్రెలు కాసి కాసి మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. చేతిలో మడతలు పడిన కాగితం.

"బయ్యన్నా, ఇది చదివి పెట్టప్పా. పింఛను ఇస్తామనిరి, లేదనిరి. ఏమి రాసినారో యేమో."

ప్రశాంతి అందుకుని చదివింది. "నీకు అరవై ఐదు నిండలేదంట అవ్వా. రేషన్ కార్డులో యాభై రెండు అని ఉండాది."

"యాభై రెండా? నా పెద్దకొడుక్కే యాభై దగ్గర పడినాయి. వాణ్ణి రెండేళ్ళప్పుడు కంటినా నేను?" అని మారెక్క పకపకా నవ్వింది. "కార్డు రాసినోడు నా మొగం గూడా చూడలేదు పాపా. ఈ ఊళ్ళో అందరికీ అట్లే రాసిపాయె."

"నువ్వు ఏ సంవత్సరం పుట్టినావో తెలుసా?"

"నాకేం తెలుసు? మా నాయన నల్లప్ప ఈ ఇంటికి వచ్చి మీ జేజినాయనను అడిగి పేరు పెట్టినాడంట. అంతే తెలుసు."

బయ్యన్న తల ఎత్తాడు. అతని తండ్రి బతికున్నన్నాళ్ళూ ఉగాదినాడు ఊరికి పంచాంగం చదివి వినిపించేవాడు. ఎవరింట్లో బిడ్డ పుట్టినా నక్షత్రం చూడమని ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. చూసి చెప్పి, ఆ రోజు పేజీ అంచున పెన్సిలుతో ఒక ముక్క రాసుకునేవాడు. ఆ పాత పంచాంగాలన్నీ దేవుని గూటి కింద చెక్క పెట్టెలో ఉన్నాయి. ఏటా ఉగాదికి పసుపు, కుంకుమ పెట్టి మళ్ళీ మూసేయడమే. స్నానం చేయకుండా ఎవరూ ముట్టుకోరు.

మర్నాడు తలస్నానం చేసి తండ్రీకూతుళ్ళిద్దరూ పెట్టె తెరిచారు. ప్రమాది నామ సంవత్సరం పంచాంగంలో, మాఘ శుద్ధ దశమి పక్కన అరిగిపోయిన అక్షరాలు కనిపించాయి. "గొర్రెల నల్లప్పకు ఆడబిడ్డ."

ప్రశాంతి ఆ అక్షరాలను వేలితో తడిమి, "అవ్వ ఈమే నాయనా!" అని అరిచింది.

ఆ తర్వాత మూడు వారాలు ఆ పిల్ల కాలేజీ నుంచి రాగానే ఇల్లిల్లూ తిరిగింది. ముసలివాళ్ళ తల్లిదండ్రుల పేర్లు అడగడం, స్నానం చేసి పెట్టెలో వెతకడం, దొరికితే రాసుకోవడం. "ఏమమ్మే, నాకు పెండ్లి చేస్తావా, వయసు అడుగుతాండావు?" అని కొండప్ప లాంటి ముసలివాళ్ళు ఎగతాళి చేశారు. చేస్తూనే అరుగు మీద చోటిచ్చి కూర్చోబెట్టారు. చివరికి ముప్పై ఒక్క పేర్లు తేలాయి. జనవరి ఒకటికి అరవై ఐదు నిండినవాళ్ళని జాబితా రాసి మండలాఫీసులో ఇచ్చింది.

అసలు పుస్తకాలు చూపించమన్నారు ఆఫీసువాళ్ళు.

"దేవుని పెట్టె ఆఫీసుకా?" అంది సుబ్బలక్ష్మమ్మ. "ఎవురెవురు ముట్టుకుంటారో యేమో!"

బయ్యన్న ఆ పూటంతా పెట్టె ముందరే కూర్చున్నాడు. నాయన తిథుల పక్కన జనాల పుట్టుకలు రాసినప్పుడు దేవుడు కోప్పడ్డాడా? కోప్పడి ఉంటే ఇన్నేళ్ళు ఇల్లు నిలబడేదా? పొద్దున్నే పెట్టెను కొత్త పంచెలో మూటగట్టి తనే నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడు.

ఆఫీసులో గుమాస్తా పేజీ తిప్పడానికి వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. బయ్యన్న చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంగిలి వద్దప్పా. నువ్వు చెప్పు, నేను తిప్పతా."

ఎమ్మార్వో నవ్వాడు. ముప్పై ఒక్క చోట్లా తనే వంగి చూశాడు. "బిడ్డ పుట్టినప్పుడే రాసిన రాత ఇది. ఇంతకన్నా సాక్ష్యం ఎవరు తెస్తారు?" అని జాబితా తీసుకున్నాడు. ప్రశాంతి ఆ రోజే నాలుగో పేజీ నింపి దరఖాస్తు పంపేసింది.

రెండు రోజుల తర్వాత బయ్యన్న పంచాంగాలకు పసుపు పెట్టి వరసగా సర్దుతున్నాడు. ప్రమాది అట్ట మీద 1939–40 అని రెండు ఇంగ్లీషు సంవత్సరాలున్నాయి. కూతురు రాసుకున్న కాగితం తీసి చూశాడు. మారెక్క పేరు పక్కన 1939 అని ఉంది. మాఘమాసం వచ్చేది సంక్రాంతి దాటినాక కదా, అప్పటికి జనవరి పోయి ఇంగ్లీషు ఏడు మారిపోయి ఉంటుంది కదా అనిపించింది. వేళ్ళు మడిచి రెండుసార్లు లెక్కపెట్టాడు. మారెక్క పుట్టింది 1940లో. జనవరి ఒకటికి ఆమెకు అరవై ఐదు నిండలేదు. ఇంకో నెలన్నర ఉంది.

ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. తాను నోరు తెరవకపోతే ఎప్పటికీ తెలియదు. తెరిస్తే జాబితా మొత్తం పోవచ్చు, దానితోపాటు నాలుగో పేజీ, సీటు కూడా. ఇంతకుముందు మొక్కల గురించి ఒక్క మాట అడిగి పిల్లను నొప్పించాడు. అయినా దేవునికి దండం పెట్టుకుని, ప్రశాంతిని పిలిచాడు.

"ఉగాదికి ముందర పుట్టినోళ్ళకు నువ్వు ఏ ఏడు రాసినావమ్మా?"

ప్రశాంతి కాగితం చూసింది. పంచాంగం చూసింది. కూర్చుని అన్నీ మళ్ళీ సరిచూసుకుంది. ఏడుగురికి పుట్టిన సంవత్సరం తప్పు పడింది. ఐదుగురికి ఎట్లా చూసినా అరవై ఐదు దాటాయి. మారెక్కకూ కొండప్పకూ మాత్రం నిండలేదు.

"అంతా కొట్టేస్తారేమో నాయనా," అంది ఏడుపు గొంతుతో.

"కొట్టేయచ్చు."

"నువ్వేమంటావు?"

"నేనేమీ అననమ్మా. రాసింది నువ్వు."

ప్రశాంతి కళ్ళు తుడుచుకుని లేచింది. ముందు ఆఫీసుకు పోలేదు, కొండప్పకు చెప్పి మారెక్క ఇంటికి పోయింది. బయ్యన్న వెనకాలే నడిచాడు. సంగతంతా విని ముసలామె కాలి వేళ్ళకేసి చూసుకుంది.

"అయితే నాకు రాదా?"

"ఇప్పుడు రాదు అవ్వా. వచ్చే జాబితాలో నేనే రాయిస్తా. తప్పు నాదే."

"ఏంది తప్పు? ఒక ఏడు చిన్నదాన్ని చేస్తివి. ఏ ఆడదానికి చేదు ఆ మాట?" అంది మారెక్క. నవ్వబోయింది కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పోయి చెప్పుపో. నా ఒక్కదాని కోసం మిగతావాళ్ళవి పోగొడితే ఊళ్ళో తిరగలేను."

తండ్రితో ఆఫీసుకు పోయి, తప్పు నాయనే కనిపెట్టినాడని ప్రశాంతి చెప్పగానే గుమాస్తా ఎగిరిపడ్డాడు. "ఇచ్చిన లిస్టు తప్పంటావా? పిల్లాటగా ఉండాదా? మొత్తం చించేస్తా చూడు!" ఎమ్మార్వో మాత్రం ఏడు తేదీలూ ఒక్కొక్కటిగా వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. లెక్క సరిపోయాక రెండు పేర్లు కొట్టేసి, ఐదు దిద్ది, కింద సంతకం పెట్టాడు.

"ఈ ఆఫీసులో ఏడుగురం చూసినాం. ఎవరికీ తట్టలేదు," అన్నాడు. "మీ నాయన ఏం చదివినాడమ్మా?"

"ఐదు సార్."

ఎమ్మార్వో కుర్చీలోంచి లేచి బయ్యన్నకు నమస్కారం చేశాడు. బయ్యన్న సిగ్గుతో గోడకు అతుక్కుపోయాడు.

ఇరవై తొమ్మిది మందికీ ఉగాది లోపలే ఆర్డర్లు వచ్చాయి. బడి ముందర ముసలివాళ్ళంతా వేలిముద్రలకు బారుగా నిలబడితే ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. ప్రశాంతి మాత్రం ఇంటికి పోయి నాలుగో పేజీ నకలు తీసి, ముప్పై ఒకటిని ఇరవై తొమ్మిదిగా దిద్ది, కింద ఒక వాక్యం చేర్చి, ఆ కాగితం కాలేజీకి పంపింది.

మే నెలలో ఇంటర్వ్యూ. పిల్లల వెంట వచ్చిన పెద్దవాళ్ళను గదిలోనే వెనక బల్ల మీద కూర్చోనిచ్చారు. ప్రశాంతికి ముందు వెళ్ళిన అబ్బాయి ఫైలు ఇటుక అంత ఉంది. క్విజ్, స్కౌట్, వక్తృత్వం, రక్తదానం. ప్రశాంతి చేతిలో ఒక్క కాగితమే.

తెల్ల జుట్టు మేడం ఒకామె కన్నడ యాసతో తెలుగులో అడిగింది. "ఇరవై తొమ్మిది మందికి పింఛను వచ్చిందని రాశావు, బాగుంది. ఇద్దరి వయసు తప్పు రాశానని మళ్ళీ ఎందుకు చేర్చావు? మాకు తెలిసేది కాదు కదా?"

"అది రాయకపోతే ఈ ఇరవై తొమ్మిది గూడా మీరు నమ్మాల్సిన పని లేదు మేడం."

"ఇదంతా సీటు కోసం చేశావా, వాళ్ళ కోసం చేశావా?"

బయ్యన్న బల్ల మీద ముందుకు వంగాడు. ఇన్ని నెలలుగా తనకు తెగని ప్రశ్న అది.

ప్రశాంతి కాస్త ఆలోచించింది. "మొదలు పెట్టింది సీటు కోసమే మేడం. అవ్వ పేరు కొట్టేయించేటప్పుడు మాత్రం సీటు గుర్తుకు రాలేదు. ఆమెకు ఏమని చెప్పల్లా అనే భయమే ఉండింది."

"నువ్వు ఇక్కడికి వచ్చేస్తే అక్కడ ఈ పని ఎవరు చేస్తారు?"

"మా నాయన. ఇప్పుడు పుట్టే పిల్లలవి గూడా రాస్తాండాడు, పక్కన ఇంగ్లీషు తేదీతో. మా ఊరి పదో తరగతి ఆడపిల్లలు నలుగురు పాత రాతలన్నీ కాపీ చేస్తాండారు."

మేడం తల తిప్పి వెనక బల్లకేసి చూసింది. బయ్యన్న లేచి నిలబడి చేతులు జోడించాడు. ఆమే నవ్వి, కూర్చోండి అంది.

సాయంత్రం నాలుగింటికి వరండాలో కన్నడంతో పాటు తెలుగులోనూ జాబితా అంటించారు. జనం తోసుకున్నారు. ప్రశాంతి భయంతో మెట్ల దగ్గరే నిలబడిపోయింది. బయ్యన్నే లోపలికి దూరి, వేలు పెట్టి ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ కిందికి దిగాడు. పదకొండో పేరు దగ్గర వేలు ఆగింది. ఇంటి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు మూడూ చదివాడు. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

గుళ్ళో గోవింద కూడా లోలోపలే అనుకునే మనిషి, ఆ జనం మధ్య నుంచి గొంతెత్తి అరిచాడు.

"ప్రశాంతీ! ఉండావమ్మా! నువ్వు ఉండావు!"

గేటు దగ్గరి వాచ్‌మన్ ఉలిక్కిపడి పరిగెత్తుకొచ్చాడు. ఇక్కడ అరవకూడదు పెద్దాయనా అన్నాడు. బయ్యన్న అతని భుజం మీద చెయ్యి వేసి పదకొండో పేరు చూపించి, "నువ్వే చదివి చెప్పప్పా, ఇంకొకసారి వినల్ల," అన్నాడు.

వాచ్‌మన్ కళ్ళు చికిలించి, ఆ పేరు గట్టిగా చదివాడు.