విత్తనానికి వదిలిన కాయలు

మధ్యాహ్నం షాపు మూసి టైలరమ్మ ఇంటికొచ్చేసరికి బాల్కనీలో బీన్స్ తీగలు రెండూ బోసిగా ఉన్నాయి. చెప్పులు కూడా విప్పకుండా ఆకు ఆకూ తిప్పి వెతికింది. పదకొండు కాయల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

అవి కూరకు పెంచినవి కావు, విత్తనానికి వదిలినవి. వాళ్ల నాన్న, ఆయనా టైలరే, ఏటా మంచి కాయలు ఎంచి, ఎండబెట్టి, గింజ దాచి, మళ్లీ నాటి నలభై ఏళ్లు నిలబెట్టిన రకం. నార తీసే పనే ఉండని లేత కాయ, తెల్లటి గింజ మీద ఎర్రటి చుక్కలు. "ఎక్కడో సముద్రాల అవతల మొక్కజొన్న కాడల్ని పట్టుకు పాకిన తీగమ్మా ఇది, మన కిటికీ దాకా వచ్చింది. ఇక్కడ దాన్ని ఆపడానికి మనమెవరం?" అనేవాడు. ఆయన పోయాక రెండేళ్లు ఈ మహాతల్లి పని పని అంటూ నాటనేలేదు. ఈసారి ఉన్న గింజలన్నీ వేస్తే మొలిచినవి రెండే. అందుకే పదకొండు కాయలకూ ఎర్ర దారం కట్టి, కళ్లల్లో పెట్టుకుని చూసుకుంది. అవి పసుపు తిరిగాయి. ఇంకో పదిరోజులు తీగ మీదే ఎండితే గండం గడిచినట్టే.

వంటింట్లోంచి వెల్లుల్లి వాసన వస్తోంది. మొగుడూ, నిన్ననే వచ్చిన వదినా బల్ల దగ్గర తింటున్నారు. వదినంటే మొగుడి అక్క, కూరగాయల తోటలో కోతలు చూసుకునే మనిషి. ఆమె చేతులు ఒక్క పూటైనా ఊరికే ఉండవు.

"రామ్మా, వేడిగా ఉంది. నీ తీగ మీదవి బజారు బీన్స్‌లో కలిపి చేశా. తొక్క ముదిరింది గానీ గింజలెంత బావున్నాయో! ముందు వాటిని మెత్తగా ఉడికించి, తర్వాత కాయముక్కలు వేశా."

"ఎవరు కొయ్యమన్నారు వదినా?"

"నువ్వే కదా! ఎర్ర దారం కట్టావుగా. మా తోటలో అది కడితే ఆ రోజే కోసెయ్యాలి."

టైలరమ్మ షాపులో ఎర్ర దారం కట్టిన బట్టను ఎవరూ ముట్టుకోరు. లోకమంతా తన షాపే అనుకుంది. తిట్టడానికి వదినలో తప్పు దొరకలేదు, దాంతో ఒళ్లు ఇంకా మండింది.

"నాన్న గింజలు వదినా అవి. ఇంకెక్కడా లేవు."

నోటిదాకా వెళ్లిన వదిన చెయ్యి ఆగిపోయింది. మొగుడు మాత్రం నములుతూనే, "బీన్సే కదా, దానికింత రాద్ధాంతమా? సాయంత్రం కిలో తెచ్చి పడేస్తాలే" అన్నాడు.

కోపానికి చోటు దొరికింది.

"తెండి! కిలో ఏం ఖర్మ, బండెడు తెండి! నాన్న పోయినప్పుడూ ఇంతే, పెద్దాయనే కదా అన్నారు. మీకు నాదేదీ పెద్ద విషయం కాదు!"

అతని ముందున్న కంచం లాగేసింది. బజారు ముక్కల్ని పక్కకు నెట్టి, ఉడికిన గింజల్ని ఒక్కొక్కటే ఏరసాగింది. చుక్కలు కరిగి అన్నీ మట్టిరంగులోకి తిరిగాయి.

"పిచ్చా నీకు? ఉడికినవి మొలుస్తాయా?"

"మొలవవు. నాకు తెలీదనుకున్నారా?"

వదిన తన కంచంలోవీ గిన్నెలోవీ ఏరి మరదలి ముందు పెట్టింది. అన్నీ కలిపి గుప్పెడు కూడా లేవు.

టైలరమ్మ నిలబడే తిన్నది. గింజలు వెన్నలా ఉన్నాయి. అంత బాగున్నందుకు మరీ కడుపు మండింది.

"అంత గొప్పవైతే నాకూ ఒకటి పెట్టు" అని మొగుడు చెయ్యి చాచాడు.

"మీరు సాయంత్రం తెచ్చుకునేవి తినండి."

చివరి గింజ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. వదిన కోసింది, మొగుడు నమిలాడు, నిజమే. రెండేళ్లు ఆ గింజల్ని డబ్బాలో పెట్టి మూత తీయనిది మాత్రం తనే. ఆ మాట ఎవరైనా అంటే బాగుణ్ణు, వాళ్ల మీద విరుచుకుపడొచ్చు. ఎవరూ అనలేదు. ఆమె దాన్ని నమిలి మింగింది.