ఏడో నెల గాజులు

సుందరవల్లి చూస్తుండగానే మేస్త్రి తిరుమలసామి మిల్లు గేటులో రక్కమ్మాళ్ చేతులు పైకెత్తించాడు. ఏడో నెల సీమంతానికి తొడిగిన కొత్త గాజులు, మోచేతుల దాకా.

"గాజులు తొడిగేసినారా? సంతోషం. ఇంటికి పో."

పదకొండేళ్ల పని అంతటితో సరి. కాన్పుకు సెలవు అడుగుతుందని ముందే గెంటేస్తారు. ఈ అరవదేశంలో మేస్త్రీ మనవాడే, మిల్లు యజమాని ముదలాళీ మనవాడే, ఇళ్లలో మన తెలుగే మాట్లాడతారు. ఏం లాభం?

సుందరవల్లికీ ఏడో నెలే. అత్త గాజులు తెస్తే వద్దంది. చీర లోపల పాత పంచెతో కడుపు బిగించి కట్టుకుని, బోసి చేతులు చూపించి లోపలికి నడిచింది.

దూది గదికి కిటికీలు తెరవరు. పొద్దంతా ఆ దుమ్ములో నిలువుకాళ్ల మీద పని. పెద్దది జోతిమణిని ఇలాగే మోసింది. ఐదేళ్ల పిల్ల మూడేళ్లదానిలా ఉంటుంది, నాలుగడుగులు పరిగెత్తితే ఆయాసం. ఇది కడుపులో ఉండగా ఏం పని చేశావని అడిగింది ఆసుపత్రి డాక్టరమ్మ. ఆ మాట సుందరవల్లిని ఇప్పటికీ తింటూనే ఉంది.

మధ్యాహ్నం అన్నం ముందు ఏడ్చేసింది. "కడుపు కట్టుకొన్న పాపిని నేనే, పెద్దమ్మా. ఇప్పుడు దీన్నీ కట్టేస్తా ఉండాను."

"కట్టుకొనింది నువ్వు. కట్టించింది ఎవుడే?" అంది పాపమ్మాళ్, చెత్త దూది ఏరే ముసలిది. "నాకు ముగ్గురు పుట్టి పోయినారు. నా తలరాత అనుకొంటిని. ఈ గదిలో ఇంకెంతమందికి ఇదే తలరాత, చెప్పండే!"

ఒక్కొక్క చెయ్యే లేచింది.

మర్నాడు గేటు ముందు నలభైమంది ఆడవాళ్లు, అందరి చేతులకూ గాజులే. మేస్త్రికి మతిపోయింది.

"ఎవురే కడుపుతో ఉండేది?"

"నేనే సామీ," అంది పాపమ్మాళ్. భర్త పోయిన ఇరవై ఏళ్లకు ఆమె చేతులకు ఎర్ర గాజులు. "ఏడో నెల."

"నాకూ," అంది పక్కనున్న పుష్పం. "నాకూ!" "నాకూ!"

గేటు మూసేశాడు. అందరూ అక్కడే బైఠాయించారు. కాసేపటికి పోలీసు లారీ వచ్చింది.

సుందరవల్లి లేచింది. అందరూ చూస్తుండగా చీర లోంచి పంచె లాగి మేస్త్రి కాళ్ల దగ్గర పడేసింది. ఏడు నెలల్లో మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది. "రక్కమ్మాళ్‌ని పిలువు. కిటికీలు తెరువు. కూర్చోను బల్ల వెయ్యి. అందాకా పని చెయ్యం!"

"పేరు చెప్పి లారీ ఎక్కు," అన్నాడు పోలీసు.

"ఇద్దరం ఎక్కుతాం. నా పేరు సుందరవల్లి. దీనికి పేరు జైల్లో పెడతాం."

ఎక్కింది. వెనకాలే పాపమ్మాళ్, ఆమె వెనక పుష్పం. లారీ నిండిపోయినా వరస తరగలేదు.