రోగి లేని ప్రయాణం

కళ్ళజోళ్ళ దుకాణంలో ఒక్క పూట నిలబడి చూస్తే ఒక విషయం ఎవరికైనా తెలిసిపోతుంది. మగవాళ్ళు కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటారు. నలభై దాటిన ఆడవాళ్ళు అద్దం జోలికి పోరు. వెంట వచ్చిన మొగుడి వంకో, కొడుకు వంకో చూస్తారు. వాళ్ళు తలాడిస్తే ఆ ఫ్రేము బాగున్నట్టు, మొహం చిట్లిస్తే తీసి పక్కన పెట్టాల్సినట్టు. ఇందులో వింత ఉందని కొనేవాళ్ళకూ తోచదు, అమ్మేవాళ్ళకూ తోచదు.

ఆ దుకాణంలో ఇరవై ఏళ్ళుగా కౌంటరు దగ్గర నిలబడుతున్న ఆవిడను అందరూ అద్దాలమ్మ అంటారు. ఆవిడకూ యాభై దాటాయి. తాబేలు టీచరు వచ్చేదాకా ఆవిడకూ అది తోచలేదు.

ఆ టీచరు జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి. అరవై దాటాక వీపున పెద్ద సంచీ తగిలించుకుని కొండలూ అడవులూ తిరగడం మొదలుపెట్టింది. ఇల్లంతా వీపున మోసుకుంటూ నింపాదిగా నడుస్తుంది కనుక పాత విద్యార్థులు ఆ పేరు పెట్టారు. ఆవిడ కోపగించుకోకపోగా మురిసిపోయి ఆ పేరే ఖాయం చేసుకుంది. చలువ కళ్ళద్దాల కోసం దుకాణానికి ఒంటరిగా వచ్చి, ఒక్కొక్కటే పెట్టుకుని అద్దంలో చూసుకుని, తనకు తనే తలాడించుకుని ఒకటి తీసుకుంది. అద్దాలమ్మ అలా చూస్తూ ఉండిపోయింది. మాటల్లో మాటగా ఎక్కడికి ప్రయాణమని అడిగితే, వచ్చే నెల నాలుగు రోజుల పాటు కొండల్లో నడక, ఇంకొకరికి చోటుంది, నువ్వూ రారాదా అంది టీచరు.

ఆ మాట అద్దాలమ్మకు చెవిలో జోరీగ అయింది. ఆవిడ పుట్టి బుద్ధెరిగి ప్రయాణాలు చేయలేదా అంటే చేసింది. పురుళ్ళకు వెళ్ళింది. ఆపరేషన్లకు వెళ్ళింది. పోయినవాళ్ళను ఆఖరిసారి చూడడానికి వెళ్ళింది. ఊరికే, తనకు వెళ్ళాలనిపించి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

భర్త చెడ్డవాడు కాడు. కారు నడపడం నేర్పే మాస్టారు. గేరు విరగ్గొట్టేవాళ్ళ మీద కూడా గొంతు పెంచడు. అయితే ఇంట్లో ఏ కొత్త మాట వచ్చినా ఆయన మొదటి జవాబు "ఇప్పుడెందుకు?" అని. ఆ ప్రశ్నకు బదులు చెప్పలేక ఆవిడ ఎన్నో కోరికలను గొంతు దాటనివ్వలేదు. ఈసారి అడగదలుచుకోలేదు. వేరే ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న అక్కకు ఫోను చేసి, నీకు కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అని చెబుతాను, ఎవరడిగినా అవుననాలి, ఒట్టు అంది. అక్క కాసేపు తిట్టి, ఆ తర్వాత నవ్వి ఒప్పుకుంది.

ఆపరేషన్ అనగానే మాస్టారు ఇప్పుడెందుకు అనలేదు. పాపం పెద్దావిడ ఒక్కతే ఉంటుంది, వెంటనే వెళ్ళమన్నాడు. అటక మీది సంచీ తనే దించి దుమ్ము దులిపాడు. దుకాణం యజమాని సెలవిచ్చాడు, పక్కింటావిడ పాలు తీసుకుంటానంది. చదివేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. జబ్బు పేరెత్తగానే ఇన్ని తలుపులు తెరుచుకున్నాయంటే, ఆ పేరు ఎత్తకపోతే ఎన్ని మూసుకుని ఉండేవో కదా.

నడకలో మొదటి రోజు అద్దాలమ్మకు ఒళ్ళు హూనమైంది. రెండో రోజుకు సర్దుకుంది. కౌంటరు వెనక ఏళ్ళ తరబడి నిలబడిన కాళ్ళు మొండివి, అవి లోబడవు. దుకాణం గోడ మీద చూపు పరీక్షించే అక్షరాలే దూరం అనుకుని బతికిన మనిషికి ఒక మలుపు దగ్గర లోయ మొత్తం కనిపించింది. అక్కడ ఆవిడకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఆ వెనకే అక్క కన్ను గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం గుడారాల ముందు చిన్న స్టవ్వు వెలిగించి టీ కాచుకుంటున్నప్పుడు విషయం బయటపడింది. బ్యాంకులో పనిచేసే ఆవిడ ఇంట్లో తల్లికి తుంటి విరిగిందని చెప్పి వచ్చింది. రొట్టెల దుకాణం ఆవిడ స్నేహితురాలికి గుండెనొప్పి తెప్పించింది. మిగతా ఇద్దరిలో ఒకరు చిన్నమ్మకు పక్షవాతం తెప్పిస్తే, ఇంకొకరు ఏకంగా తనకే వెన్నునొప్పి వైద్యమని చెప్పారు.

"ఇంతమంది రోగుల్ని గాలికొదిలేసి కొండలెక్కడానికి మీకు మనసెలా ఒప్పిందే?" అంది టీచరు.

అందరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వు ఆగాక టీచరు తనూ మొదటిసారి చెల్లెలికి కామెర్లని చెప్పే వచ్చానని ఒప్పుకుంది.

"మన ఇళ్ళవాళ్ళు దుర్మార్గులేం కాదర్రా. జబ్బంటే పంపిస్తారు. బాగున్నప్పుడు పంపించాలని వాళ్ళకి తోచదు. తోచేలా మనమూ ఎప్పుడూ అడగలేదు" అంది.

మర్నాడు కొండ శిఖరం మీదికి చేరగానే ఫోన్లకు ప్రాణం వచ్చింది. అద్దాలమ్మ ఫోనులో భర్త చేసిన కాల్స్ వరసగా కనిపించాయి. వాటి కింద అక్క సందేశం. మీ ఆయన నిన్న సాయంత్రం వచ్చాడు, ఇక్కడే ఉన్నాడు, వెంటనే ఫోను చెయ్యి. ఆవిడ ఒక రాయి మీద కూలబడి అక్కకు ఫోను చేసింది.

జరిగింది ఇది. భార్య ఒక్కతే సేవ చేయలేక అలిసిపోతుందని మాస్టారు జాలిపడి, పళ్ళు కొనుక్కుని చెప్పాపెట్టకుండా దిగాడు. అక్క గబగబా కంటికి దూది పెట్టి కట్టు కట్టుకుని తలుపు తీసింది. చెల్లెలు మందుల కోసం పక్క ఊరు వెళ్ళిందని, పొద్దున వస్తుందని చెప్పింది. పొద్దున స్నానం చేసి మళ్ళీ కట్టు కట్టుకుంది. కాకపోతే ఎడమ కంటికి. కుడి, ఎడమ అని రోజంతా చెప్పి అన్నం తినే మనిషి దగ్గర అది ఎంతసేపు దాగుతుంది?

"అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది తెల్లారేసరికి ఊడిపోయిందే" అంది అక్క. "ఎక్కడుందని ఎంత అడిగినా చెప్పలేదు. ఒట్టేయించుకున్నావుగా. భయపడకండి, బాగానే ఉంది అన్నాను. దాంతో ఆయనకి ఇంకా భయం పట్టుకుంది. ఇదిగో, మాట్లాడు."

ఇక జన్మలో తనను గడప దాటనివ్వరని అద్దాలమ్మ నిశ్చయించుకుంది. అంతకంటే, ఇక ఆయన తన మాట నమ్మడనేదే ఎక్కువ బాధగా ఉంది.

"ఎక్కడున్నావు?" అన్నాడు మాస్టారు.

"కొండ మీద."

"ఆసుపత్రిలో కాదా?"

"కాదండీ. కొండలెక్కాలని వచ్చాను. ఆరుగురం ఉన్నాం."

"నీకే జబ్బూ లేదుగా? నిజం చెప్పు."

"మోకాళ్ళ నొప్పులు. అంతే."

అవతల వినిపించినది ఏడుపని ఆవిడకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆసుపత్రి పేరు చెప్పి మాయమైందంటే, ఏదో పెద్ద రోగం బయటపడి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఒంటరిగా కోత కోయించుకోవడానికి వెళ్ళిందని ఆయన అనుకున్నాడు. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదట. ఆయనకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగల్లేదు. భార్య బతికి ఉంది, కొండ మీద ఉంది, మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి. ఆ మాటలే చాలనిపించాయి.

"నన్నడిగితే పంపించేవాణ్ణిగా" అన్నాడు మాస్టారు.

"పంపించేవారా?"

ఆయన ఆలోచించి, "లేదు. ఇప్పుడెందుకు అనేవాణ్ణి" అన్నాడు.

అద్దాలమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెప్పిన మాటల్లో ఆవిడకు ఇంత ఊరటనిచ్చినది ఇంకొకటి లేదు. వెనక్కి వచ్చేయనా అని అడిగింది.

"సగంలో వెనక్కి రావడమేమిటి? పూర్తిచేసుకునే రా. నేను ఎలాగూ వచ్చానుగా, వదినకి రెండు కళ్ళూ పరీక్ష చేయించి వెళ్తాను" అన్నాడు మాస్టారు.

ఆ తర్వాత సంచీ బరువేమీ తగ్గలేదు, మోకాళ్ళూ కనికరించలేదు. మెడ మీది కత్తి మాత్రం తీసేసినట్టయింది. అది చూసి బ్యాంకు ఆవిడ కూడా ఇంటికి ఫోను చేసి నిజం చెప్పి, గట్టిగానే చీవాట్లు తింది. తిన్నాక, ఎంత హాయిగా ఉందే అంది. రొట్టెల దుకాణం ఆవిడ మాత్రం తన స్నేహితురాలి గుండెను ఇంకొన్నాళ్ళు అలాగే ఉండనిమ్మంది. ఎవరి ఇల్లు వాళ్ళకే తెలుస్తుంది, ఆవిడను తప్పుపట్టలేం.

తర్వాతి నడకకు అద్దాలమ్మ అబద్ధమాడలేదు. ఇప్పుడెందుకు అన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చినా మాస్టారు మింగేశాడు. బయల్దేరే రోజున ఆవిడ సంచీ తనే భుజాన వేసుకుని బస్టాపు దాకా నడిచాడు. దారిలో వీధిలోని పెద్దాయన ఎదురై, పొద్దున్నే ఇద్దరూ ఇంత సంచీతో బయల్దేరారేమిటి, ఎవరికేమైంది, ఏ ఆసుపత్రి అని ఆదుర్దాగా అడిగాడు. మా వదినకి కన్ను అని మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. ఈ అబద్ధం ఆడవాళ్ళది మాత్రమే కాదని, ఇల్లంతా, వీధంతా కలిసి ఆడించేదని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. ఆడమనిషి కాలు బయట పెట్టాలంటే ఎవరో ఒకరు మంచం పట్టాలని అడిగేవాళ్ళూ నమ్ముతారు, చెప్పేవాళ్ళూ నమ్ముతారు. ఆయన సంచీ ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఎవరికీ ఏమీ కాలేదండీ" అన్నాడు. "అందరం బాగానే ఉన్నాం. అందుకే వెళ్తోంది."