తేలని గుడ్లు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. మునిగిపోయిన గుడ్లను రోజూ ఎత్తి పారబోసేది వాళ్ళా, నేనా?

గుమ్మిడిపూండి దాటాక సముద్రం ఒడ్డున మా హేచరీ. పండుగప్ప తల్లిచేపల బాధ్యత నాది. మంచి గుడ్డు ఉప్పునీళ్ళలో తేలుతుంది, బలం లేనిది అడుగుకు పోతుంది. కొన్నాళ్ళుగా అన్నీ అడుగుకే. ఇంకోసారి ఇలాగే అయితే చేపల్ని మార్కెట్‌కి తోలేస్తానన్నాడు ఓనర్ రాజ్‌మోహన్. వేలెడంత పిల్లలప్పటి నుంచి నేను పెంచిన చేపలవి.

మేత మారలేదు. అదే మత్తి చేపలు, అదే కణవా, అంటే స్క్విడ్. మారింది మేత పెట్టే మనిషి. వజ్రమ్మది ఆర్.కె.పేట. ఇంట్లో మగ్గం ఆగిపోయాక, కూతురు అభినయ ఫ్యాక్టరీ పనికోసం ఇటు వచ్చేశారు. రోజూ మూతపెట్టిన బకెట్ ఒకటి షెడ్డు వెనక్కి మోసుకుపోతుంది. అడిగితే "చెత్తమ్మా" అంటుంది. చెత్తకు మూతెందుకు? మా చేపల మేత వాళ్ళింట్లో కూరవుతోందని తేల్చేసుకుని ఓనర్‌కి ఫోన్ చేశాను. "పట్టుకో, ఇవాళే పంపించేద్దాం" అన్నాడు.

ఆ పొద్దున ఆమె వెనకాలే వెళ్ళాను. కొబ్బరిచెట్టు మొదట్లో గుంత తీసి బకెట్ బోర్లించింది. పేగులు, తలకాయలు, నూనె కారుతున్న కొవ్వు.

"ఏంది వజ్రమ్మా ఇది?"

"వాసన కొడతాదని మూత పెడితినిమ్మా. కడుపుతో వుండే చేపలు గదా, ఈ కసవంతా ఎట్ట పెట్టేది? మా అభినయ కడుపుతో వున్నప్పుడు చేసినట్టే, బాగా ఒలిచి, పసుపేసి కడిగి పెడతా వుండా."

గుడ్డుకు బలమిచ్చేదంతా ఆ గుంతలో ఉంది. కోపం, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఇంక ఒలవొద్దు, కడగొద్దు. ఉన్నదున్నట్టు వెయ్యి. బలమంతా దాంట్లోనే ఉంది."

"అయ్యో! అట్టయితే నేనే చెడగొట్టినానా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో రాజ్‌మోహన్ ఫోన్. "మేత దొంగ దొరికిందా?" అన్న అరుపు ఆమెకూ వినబడింది. పక్కకు పోయి, దొంగతనమేమీ లేదు, నేనే పొరబడ్డానని గొంతు తగ్గించి చెప్పి పెట్టేశాను.

"మేత దొంగలిస్తా వున్నారామ్మా? యాడ? నాకు ముందే చెప్పకూడదా?" అంటూ వజ్రమ్మ పరుగున పోయి గోడకు తగిలించిన తన సంచి తెచ్చింది. "మొదట నాది చూడు. అప్పుడు తక్కినోళ్ళు ఏమీ అనుకోరు."

సిగ్గుతో నా చేతులు లేవలేదు. ఆమే విప్పి చూపించింది. లోపల అన్నం డబ్బా, చేపలకోసం ఇంటినుంచి తెచ్చిన పసుపు పొట్లం.