నూరు ఇంగ్లీషు మాటలు

మూడో బాత్‌రూము కడుగుతూ కృపమ్మ నలభై ఏడో మాట దగ్గర ఆగిపోయింది. బకెట్టు, మగ్గు, ఫినాయిలు లెక్కలోకి వచ్చేశాయి. ‘బాత్‌రూము’ ఒకటా, రెండా? బాత్ వేరు, రూము వేరు కదా! నీళ్లలో నాని తెల్లబడ్డ వేళ్లను మడుస్తూ మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టింది.

శామీర్‌పేటలోని ఆ బడిలో పదకొండేళ్లుగా పిల్లల ముడ్లు కడిగి, ముక్కులు తుడిచిన మనిషి ఆమె. కొత్త యాజమాన్యానికి అది చాలలేదు. పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడాలట; నూరు మాటలు వస్తేనే పనిలో ఉంచుతారట. పరీక్ష ఇవాళ మూడింటికే. యాభై దాటిన తనను ఇంకెవరు పెట్టుకుంటారన్నదే భయం.

మూడింటికి ఆఫీసు గదిలో ప్రిన్సిపాల్ ఝాన్సీ మేడం, ఇంగ్లీషు చెప్పే మహేందర్ సారు కూర్చున్నారు. కృపమ్మ కళ్లు మూసుకుని, చర్చిలో వాక్యం అప్పజెప్పినట్టు నూట నాలుగు మాటలు గడగడా చెప్పేసింది. సారు కాగితం మీద గీతలు పెట్టాడు.

“కమ్, కమింగ్, కేమ్ మూడూ ఒకటే” అంది మేడం. “గో, గోయింగ్, గాన్ కూడా అంతే. ‘జల్దీ’ అసలు ఇంగ్లీషే కాదు.”

“గదేంది మేడం? టీచర్లందరు పిల్లలను ‘కమ్ జల్దీ’ అనే పిలుస్తరు గద!”

సారుకు నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. “మేడం, ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో పండితులకే తేలలేదు. కమ్, కేమ్ ఒకటా రెండా అని ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.”

“వాళ్లకే తేలకపోతె నా నూరు ఎట్ల తేలుస్తరు సార్?” అడిగింది కృపమ్మ.

మేడం తేల్చేసింది. తొంభై తొమ్మిది. నూరంటే నూరే.

కృపమ్మ బతిమాలలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లాల్‌గడి మలక్‌పేట్ ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది. ఆమె గేటు దాటకముందే మేడం కొత్త మనిషికి ఫోను చేసి, రేపే రమ్మంది.

సాయంత్రం స్టాఫ్‌రూముకు తాళం వేయబోతూ సారు ఆగిపోయాడు. మేకుకు కృపమ్మ పనిలో వేసుకునే నీలం కోటు వేలాడుతోంది. జేబు మీద ఇంగ్లీషు అక్షరాలతో ఒకే మాట కుట్టి ఉంది: ‘ఆయా’. ఏ ఇంగ్లీషు నిఘంటువు తీసినా కనిపించే మాటే అది. పరీక్షలో ఆమె చెప్పలేదు, ఆయనకూ గుర్తు రాలేదు.

కోటు అంచు ఇంకా తడిగానే ఉంది.