తేదీ లేని మెయిళ్లు

చాటలో చెనిక్కాయలు ఒలుస్తున్నాను. పక్కనే కూర్చున్న మా అత్త దీవెనమ్మ నిన్నటి మాటే మళ్లీ తవ్వుతోంది.

"దీపాలు పెట్టే యాళదాంకా ఆ కాలేజీలో ఏం పని మ్మే నీకు?"

నేను ప్రొద్దుటూరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. హాస్టల్ ఆడపిల్లలు కాలేజీ వెబ్‌మెయిల్‌లో ఉద్యోగాలకు పంపిన దరఖాస్తులు చేరడం లేదు. "పిల్లలే సరిగ్గా పంపి ఉండరు" అన్నారు ప్రిన్సిపాల్ సార్. నిన్న సాయంత్రం కూర్చుని ఒక కంపెనీ తిప్పి పంపిన మెయిల్‌ను విప్పి చూశాను. పైన ఉండాల్సిన వివరాల్లో పంపిన తేదీ లేదు, గుర్తింపు సంఖ్యా లేదు. అలాంటివాటిని అవతలి సర్వర్లు నమ్మవు. పోయిన నెల వెబ్‌మెయిల్‌ను వేరే మిషన్‌లోకి మార్చారు. మా మెయిల్ సర్వర్ సొంత మిషన్ల నుంచి వచ్చేవాటికే లేని వివరాలు చేర్చిపెడుతుంది. కొత్తదాన్ని పరాయిదనుకుంది. సొంత మిషన్ల జాబితాలో దాని చిరునామా కూడా రాశాను. పరీక్షకు పంపిన మెయిల్ తేదీతో సహా వచ్చింది. ఆ గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన యేసురత్నం, "ఒక్క లైను రాసేదానికా ఇంత పొద్దు?" అన్నాడు. ఆ లైను ఎక్కడ రాయాలో వెతకడమే పని. బియ్యంలో రాళ్లేరడం కూడా ఆయనకు ఇలాగే కనిపించదు.

దరఖాస్తులకు ఈ సాయంత్రమే గడువు. పిల్లలు మళ్లీ పంపాలి. హాస్టల్లో నెట్ లేదు. జమ్మలమడుగులో ఎవరినో నరికారని ఇవాళ ఇక్కడా బంద్, కాలేజీ మూసేశారు. ల్యాబు తాళంచెవి నా దగ్గరుంది. ఫోన్ మోగింది. మైమూన్.

"అక్కా, ల్యాబు మెట్ల మింద కూచ్చోనుండాం. వస్తాండావా?"

"వస్తాన్లే" అన్నాను గొంతు తగ్గించి.

"ఎవరామె?" అంది అత్త.

"హాస్టలు పిల్ల అత్తా. ఉద్యోగానికి కాగితాలు పంపల్ల."

"ఉద్యోగమొస్తే ఈ ఊరిడిచి పోతాదా?"

"పోతాది."

అత్త ఒక కాయ ఒలిచింది.

యేసురత్నం పార్టీ నాయకుడి జీపు నడుపుతాడు. పొద్దున్నే చొక్కా తగిలించుకుని వెళ్లిపోయాడు. మా ఇంట్లో గడప దాటే మగవాణ్ని యాడికని అడగరు. అశుభమంటారు. అడగకుంటే, పోలీసులొచ్చినప్పుడు "నాకు తెల్దు సార్" అని నిజమే చెప్పొచ్చని అత్త నాకు కాపురానికొచ్చిన కొత్తలోనే నేర్పింది. అలా అడక్కుండా సాగనంపిన ఒక రోజే ఆమె తన భర్తను పోగొట్టుకుంది. నేను మాత్రం చర్చికి కదిలినా యాడికి, ఎవరితో, ఎంతసేపు అని అడుగుతారు. జవాబు చెప్పి, బతిమాలి, ఆ పైన చెప్పులేసుకుంటాను. ఇవాళ కూడా బంద్ బజారు కన్నా ఆ ప్రశ్నకే భయపడుతున్నానని నాకు అప్పుడే తెలిసింది.

చాట పక్కన పెట్టాను. చేతులు కడుక్కుని తాళంచెవి తీసుకున్నాను. సాకు వెతకలేదు.

అత్త తలెత్తింది. "యాడి..." అని నోరు తెరిచింది. నా చేతిలో తాళంచెవిని చూసింది. నా ముఖం చూసింది. ఆ మాట మింగేసి, నా చాటను తన ఒళ్లోకి లాక్కుని నేను వదిలిన కాయలు ఒలవసాగింది.

నేను ఒక్క మాటా చెప్పకుండా గడప దాటాను.