గుడ్డిపూలు

పత్తి చేలో పువ్వు కోయకూడదు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, నడక వచ్చినప్పుడే వచ్చేస్తుంది. పువ్వు పోతే కాయ పోయినట్టే. మా నాయనమ్మ బసవమ్మ యాభై ఏళ్ళు బొల్లాపల్లి చుట్టుపక్కల చేలల్లో పత్తి తీసింది గానీ ఒక్క పువ్వు కోయలేదు. తాతయ్య పోయాక తలలోనూ పువ్వు పెట్టలేదు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళట. కానీ పొద్దున ఎండ ఎక్కే వేళకు చేను విచ్చుకుంటే, పని ఆపి నడుం మీద చెయ్యి వేసుకుని చూసేది.

"ఎంత బాగుండయ్యో చూడవే జెస్సీ. ఏం లాభం, కోసుకునేయి కాదు గదా," అనేది.

నాయనమ్మ ఈ ఏడు ఈస్టరు వెళ్ళిన వారానికి చనిపోయింది. నవంబరు రెండో తేదీన సమాధుల పండుగ. ఆ సాయంత్రం మా పేటలో వాళ్ళందరూ తమ వాళ్ళ సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదర్ గారు ఒక్కో సమాధి దగ్గర ఆగి ప్రార్థన చేస్తారు. నాయనమ్మకు ఇది మొదటి పండుగ. అందరూ బంతిపూలను చక్రంలా కట్టి పెడతారు. నాకు మాత్రం ఆమెకు పత్తిపూల చక్రమే పెట్టాలనే కోరిక పట్టుకుంది. నిజం పూలు కోస్తే ఆమే ఒప్పుకోదు. అందుకని కాగితంతో.

ఈ సంగతి అమ్మకు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. బడిలో హాజరు పలికితేనే సారుకు వినపడదు, మళ్ళీ పిలుస్తారు. ఏదైనా చెప్పాలంటే ముందు నా డైరీలో రాసుకుని, చదువుకుని, అప్పుడు వెళ్ళి చెబుతాను. అమ్మ విని, "కాగితప్పూలంటే రషీదమ్మే. పో, పోయి నోరు తెరిచి అడుగు. నేను రాను," అంది.

రషీదా పెద్దమ్మ ఇల్లు మసీదు సందులో ఉంటుంది. పీర్ల పండక్కి పీర్లకు పెట్టే పూలు, పెళ్ళికొడుకు ముఖం మీద వేలాడే సెహ్రాలు, అన్నీ ఆమె చేతివే. గుమ్మం దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను.

"ఎవరే అది? బసవమ్మ మనవరాలివి గదూ? గుమ్మానికి తోరణం లాగా అట్టా వేలాడకపోతే లోపలికి రారాదూ?"

లోపలికి వెళ్ళి చెప్పాను. పెద్దమ్మ నవ్వింది.

"పత్తి పువ్వా! ముప్పై ఏళ్ళ నుంచీ చేస్తున్నా. గులాబీ చేశా, తామర చేశా, లేని పూలు గూడా చేశా. పత్తి పువ్వు కావాలని ఎవరూ అడగలా. మా ఇంట్లో చేనికి పోయినోళ్ళే లేరు బేటీ. బస్సులోంచి చూడటమే. పువ్వు తెచ్చి నా చేతిలో పెట్టు. చూడందే నా చెయ్యి కదలదు."

ఆ సాయంత్రమే చేనికి వెళ్ళాను. నాన్న ఆ రోజు గుడ్డిపూలు ఏరి గట్టు మీద బక్కెట్లో వేశాడు. గులాబీ రంగు పురుగు పువ్వులో చేరి రేకుల కొసలు కలిపి కుట్టేస్తుంది. అలాంటి పువ్వు ఇక విచ్చుకోదు, గులాబీ మొగ్గలా ముడుచుకునే ఉంటుంది. అదే గుడ్డిపువ్వు. వాటిని ఏరి తగలబెడతారు. చిన్నప్పుడు సెలవుల్లో నా పని కూడా అదే. చెట్టు మీద మంచి పూలు ఎన్ని ఉన్నా నా చెయ్యి వాటి మీదికి పోలేదు. బక్కెట్లోంచి నాలుగు గుడ్డిపూలు తీసి, పురుగులు దులిపి పట్టుకెళ్ళాను. రంగు అదే, రేకులు అవే, విప్పి చేసుకుంటుందిలే అనుకున్నాను. అవి గుడ్డిపూలని ఆమెకు చెప్పాలని మాత్రం తోచలేదు.

పెద్దమ్మ ఒక పువ్వును అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్ళింది. తిప్పింది. కింద ఉన్న మూడు ఆకుపచ్చ రేకులను, వాటి అంచున ఉన్న పళ్ళను వేలితో తడిమింది. తర్వాత మైదా జిగురు గిన్నె, కత్తెర, సన్నతీగ దగ్గర పెట్టుకుని, ముడతలు ముడతలుగా ఉండే మీగడ రంగు కాగితం చుట్ట విప్పింది.

ఆమె పని చేస్తుంటే నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. రేకు కత్తిరించి, రెండు బొటనవేళ్ళు మధ్యలో పెట్టి బయటికి ఒక్కసారి లాగేది. అంతే, బల్లపరుపుగా ఉన్న కాగితం కడుపు వచ్చి గిన్నెలా గుండ్రంగా లేచేది. రెండోసారి లాగేది కాదు. "రెండోసారి లాగావంటే చచ్చుబడిపోద్ది," అంది. నేను పది రేకులు పాడుచేశాక పదకొండోది కడుపు వచ్చింది. నా వేళ్ళ మధ్య ఆ కాగితం లేచినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కోడిపిల్ల గుడ్డులో కదిలితే చేతికి తెలుస్తుందే, అలా.

మొదటి పువ్వు పూర్తయింది. ఐదు రేకులు, కొసలు కలిపి జిగురు పెట్టి ముడిచిన పువ్వు. అచ్చంగా నేను తెచ్చినదే.

చెప్పాలి. ఇది కాదు పెద్దమ్మా, పువ్వు తెరుచుకుని ఉంటుంది అని చెప్పాలి. కానీ ఆమె ఆ పువ్వును దూరంగా పట్టుకుని తల అటూ ఇటూ వంచి చూసుకుంటోంది. "మాషా అల్లా. ఎట్టా కుదిరిందో చూడు," అంది. ఇంకొకటి అయ్యాక చెబుదాం అనుకున్నాను. రెండోది అయింది. ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను కూడా. మర్నాడు పెద్దమ్మ నాకంటే ముందే కూర్చుని పని మొదలుపెట్టేసింది. అలా మూడు సాయంత్రాల్లో ముప్పై ఆరు పూలయ్యాయి. నేను పాత సైకిల్ టైరుకు గడ్డి చుట్టి, దాని మీద ఆకుపచ్చ కాగితం చుట్టాను. పూలన్నీ దానికి కట్టి ఒకటో తేదీ సాయంత్రం ఇంటికి తెచ్చాను.

నాన్న కాళ్ళు కడుక్కుంటూ చూశాడు. చెంబు కింద పెట్టాడు.

"ఏందే ఇది?"

"నాయనమ్మకి."

"గుడ్డిపూలు గదే ఇయ్యి! అన్నీ గుడ్డిపూలే! జీవితమంతా మా అమ్మ ఏరి తగలబెట్టిన పూలు తెచ్చి మా అమ్మ నెత్తినే పెడతావా? ఊళ్ళో పత్తి తీసే ఆడోళ్ళంతా అక్కడే ఉంటారు. చూస్తే ఏమనుకుంటారు? చచ్చినాక గూడా బసవమ్మని పురుగు ఇడిచిపెట్టలా అంటారు."

అమ్మ ఏదో సర్దబోయింది గానీ నాన్న వినలేదు. "బంతిపూలు తెస్తాలే. దాన్ని లోపల పెట్టు," అన్నాడు. ఆయన గొంతు కోపంగా లేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

చక్రం తీసుకుని మసీదు సందుకు పరిగెత్తాను. దారిలో చెప్పాల్సిన మాటలు కూడబలుక్కోలేదు. గుమ్మంలోనే చెప్పేశాను.

"పెద్దమ్మా, ఇవి గుడ్డిపూలు. పురుగు కుట్టిన పూలు. మంచివి కోయడానికి చెయ్యి రాక బక్కెట్లోవి తెచ్చా. నువ్వు చేస్తా ఉంటే చెప్పలేకపోయా. తప్పు నాదే."

పెద్దమ్మ ఒక పువ్వు తీసి చూసుకుంది. "నేను చూసింది చూసినట్టే చేశా," అంది మెల్లగా. "ముప్పై ఆరు పూలకీ పక్కనే కూర్చున్నావు గదే. ఒక్క మాట అనలేకపోయావా?"

నేను తల వంచుకున్నాను. అప్పుడామె ఒక్కసారిగా నవ్వింది.

"ఓ రషీదా, ముప్పై ఏళ్ళు పూలు చేసి చేసి చివరికి పురుగు పూలు చేశావంటే! ఏడవమాక. మీగడ కాగితం మాత్రం అయిపోయింది. వినుకొండ పోయి తెచ్చి మళ్ళా చెయ్యాలంటే పండగ వెళ్ళిపోద్ది. రేపు పొద్దున్నే మంచి పువ్వు తే. ఒక్కటి చాలు. అది ఎట్టా తెరుచుకుంటదో చూడాలి నేను."

పెద్దమ్మ మాట ఇంట్లో చెప్పి, మర్నాడు పొద్దున చేలో నిలబడ్డాను. ఎండ సోకి పూలు అప్పుడే విచ్చుకున్నాయి. చెయ్యి చాపాను, వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ చాపాను. వెనక నుంచి నాన్న వచ్చాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. నా వైపు చూడకుండా వంగి, ఒక పువ్వును కాడతో సహా తెంపి నా చేతిలో పెట్టాడు.

"ఒక్కటే," అన్నాడు. "పో."

నాన్న పువ్వు తెంపడం నేను చూడటం అదే మొదటిసారి.

పెద్దమ్మ ఆ పువ్వును చాలాసేపు ముట్టుకోకుండా చూసింది. "ఇటు రావే. చూడు, ఒక రేకు పక్క రేకు కిందికి పోయింది. అది దాని పక్కదాని కిందికి. ఐదూ అంతే, చుట్టూ తిరిగి మళ్ళీ మొదటిదాని దగ్గరకే వచ్చినయ్. దేనికీ మొదలు లేదు, చివర లేదు. నువ్వు ఎప్పుడైనా చూశావా?"

నేను చూడలేదు. పుట్టినప్పటి నుంచీ వేల పూల మధ్య నడిచాను. పురుగు ఉందా లేదా అని మాత్రమే చూశాను.

ఆమె పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరిగించింది. చక్రం మీది పువ్వొకటి కట్టు విప్పి తీసి, కొసలను ఆవిరి మీద పట్టుకుంది. జిగురు మెత్తబడింది. అప్పుడు పువ్వును పెదవుల దగ్గరకు తెచ్చి, పసిబిడ్డ కంట్లో నలుసు పడితే ఊదినట్టు ఊదింది. రేకులు ఒకదాన్నొకటి వదిలాయి. పుల్లతో ఒక్కో రేకును పక్కదాని కిందికి తోసింది. ముడుచుకున్న పువ్వు నా కళ్ళ ముందే విచ్చుకుంది.

నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. మాట కాదు.

"ఊదు," అంది పెద్దమ్మ, రెండోది నా చేతికిస్తూ. నేను ఊదాను. అది కూడా విచ్చుకుంది. గుడ్డిపువ్వు తెరుచుకోవడం మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. నేను ముప్పై ఆరుసార్లు చూశాను.

మధ్యాహ్నం దాటాక గ్లాసులో పెట్టిన నిజం పువ్వు వైపు చూసి పెద్దమ్మ ఉలిక్కిపడింది. "ఇదేందే! దీని అంచు ఎర్రబడుతుందే!"

"రేపటికి మొత్తం ఎర్రబడుద్ది పెద్దమ్మా. ఎల్లుండి రాలిద్ది. అప్పుడు కింద కాయ కనపడుద్ది."

"అంటే చేలో తెల్లయ్యీ ఎర్రయ్యీ పక్కపక్కనే ఉంటయ్యా?"

"ఒకే చెట్టుకి."

పెద్దమ్మ లేచి ఎర్ర కాగితం ముక్క తెచ్చి నీళ్ళలో ముంచింది. రంగు కారుతున్న ఆ ముక్కను ఒక రేకు అంచుకు తాకించి తీసేసింది. ఎరుపు రంగు ఆ రేకు ముడతల వెంట లోపలికి పాకింది. అంచున ముదురుగా, పోను పోను పలచగా, రేకు అడుగున దాదాపు ఏమీ లేనట్టు. మేమిద్దరం తలలు ఆనించి చూశాం. అది ఎక్కడ ఆగుతుందో మాకు తెలియదు, దాని ఇష్టం. గ్లాసులో పువ్వు కూడా అలాగే చేస్తోంది. దానికి ఆ ఎరుపు ఎవరు తాకించారో అనిపించింది. పన్నెండు పూలకు అలా రంగు పెట్టి మిగతావి తెల్లగా ఉంచాం.

సాయంత్రం ఐదింటికి నాయనమ్మ సమాధి మీద చక్రం పెట్టాను. నాన్న బంతిపూలు కూడా తెచ్చాడు గానీ అవి సంచిలోనే ఉన్నాయి. ఆయన చక్రాన్ని చూశాడు, కొవ్వొత్తి వెలిగించడానికి అగ్గిపుల్ల గీసి, అది వేలు కాల్చేదాకా చూస్తూనే ఉన్నాడు. అమ్మ మరో పుల్ల గీసింది.

జనం సమాధుల మధ్యగా నడుస్తున్నారు. మహాలక్ష్మి అవ్వ మా వాళ్ళ మనిషి కాదు, కానీ నాయనమ్మతో నలభై ఏళ్ళు ఒకే ముఠాలో పత్తి తీసింది, అందుకని కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. దూరం నుంచే ఆగిపోయింది. తర్వాత గబగబా కర్ర పొడుచుకుంటూ నా మీదికి వచ్చింది.

"ఏమే, నీకు బుద్ధుందా? ఇన్ని పూలు కోశావేందే! ఎన్ని కాయలు పోయినయ్యో తెలుసా? బసవమ్మ బతికుంటే నీ వీపు చీరేసేది! ఏమయ్యా, నువ్వన్నా చెప్పలా నీ కూతురికి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా మా వైపు తిరిగారు. నాన్న నా వైపు చూశాడు.

"కోయలా అవ్వా," అన్నాను. అందరికీ వినపడింది. "ఒక్కటి గూడా కోయలా. ముట్టుకుని చూడు."

అవ్వ నమ్మలేదు. కర్ర పక్కన పెట్టి, సమాధి అంచున చెయ్యి ఆనించి కష్టంగా వంగింది. ఎర్రబడుతున్న పువ్వొకటి రెండు వేళ్ళతో పట్టుకుంది. రేకు గరగరమంది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. తర్వాత పక్కనున్న తెల్లదాన్ని పట్టుకుంది, తర్వాత ఇంకొకదాన్ని. చక్రం చుట్టూ ఒక్క పువ్వూ వదలకుండా తడిమింది. ఫాదర్ గారు మా దగ్గరకు వచ్చి, ప్రార్థన మొదలుపెట్టకుండా ఆమె పూర్తిచేసేదాకా నిలబడ్డారు.